నీడ పట్టీలో ఒక గీత

తార్నాక,
హైదరాబాద్

సరళా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి ఇన్సూరెన్స్ కంపెనీలో బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో భూకంపాల చదువు చదువుతానంటోందనీ, ఇంటిల్లిపాదీ దానికి కారణం నేనేనని అనుకుంటున్నారనీ రాశావు. చివర్లో ఒక మాట అడిగావు చూడు, "లెక్కలు చదివిన పిల్లకి ఈ రాళ్ళతో ఏం పనే" అని, ఆ మాటకే ఇంత ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నన్ను సగం కూడా చెప్పనివ్వవు.

మా భూకంపాల పనిలో రాళ్ళు చాలా తక్కువ. మనిషి తవ్విన అన్నిటికన్నా లోతైన బోరు రష్యాలో కోలా ద్వీపకల్పం మీద ఉంది. ఏళ్ళ తరబడి తవ్వితే పన్నెండు కిలోమీటర్ల చిల్లర దిగింది. భూమి నడిబొడ్డుకు 6,371 కిలోమీటర్లు. ఆ పన్నెండు పోను మిగతాదంతా ఎవరూ చూడలేదు, చూడబోరు. అయినా లోపల ఏముందో పొరలు పొరలుగా చెప్పగలుగుతున్నామంటే అది లెక్క వల్లే. ఎక్కడో భూమి కదులుతుంది, ఆ అదురు లోపల్నుంచి ప్రయాణం చేసి ప్రపంచమంతా ఉన్న కేంద్రాలకు చేరుతుంది, ఎక్కడికి ఎన్ని సెకన్లకు చేరిందో రాసుకుంటాం. అంతే మన చేతిలో ఉన్న సరుకు. అందులోంచి భూమిని కట్టుకోవాలి.

అమ్మాయి కథ వినగానే నాకు గుర్తొచ్చిన మనిషి ఇంగె లేమన్. డెన్మార్క్ ఆవిడ. భూమికి లోపలి కోర్ ఉందని కనిపెట్టింది ఆవిడే. నీకు ఈ పేరు కొత్త కాదు, ఎమ్మెస్సీలో ఒక వాక్యం చదువుకున్నాం. ఆ వాక్యం వెనకాల ఏముందో మనకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బావుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆవిడ 1888లో కోపెన్‌హేగన్‌లో పుట్టింది. తండ్రి ఆల్ఫ్రెడ్ లేమన్ మనస్తత్వశాస్త్రంలో పేరున్నవాడు. చదివిన బడి హన్నా ఆడ్లర్ అనే ఆవిడది. నీల్స్ బోర్‌కు ఆవిడ పిన్నో పెద్దమ్మో అవుతుంది. ఆ రోజుల్లోనే ఆ బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే పాఠం, ఒకటే ఆట; కుట్టుపని ఉంటే అబ్బాయిలూ కుట్టాల్సిందే, ఫుట్‌బాల్ ఉంటే అమ్మాయిలూ ఆడాల్సిందే. ఆడపిల్ల బుర్రను వేరేగా చూస్తారన్న సంగతి బడి దాటి బయటికొచ్చాకే తెలిసిందామెకు.

1907లో విశ్వవిద్యాలయంలో లెక్కల్లో చేరింది. 1910లో కేంబ్రిడ్జి వెళ్ళింది. అక్కడ రాత్రనకా పగలనకా చదివి చదివి ఒళ్ళు హూనమై, 1911 చివర్లో చదువు మధ్యలోనే వదిలేసి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? బీమా లెక్కలు కట్టే ఆఫీసులో చేరింది. ఎవరు ఏ వయసులో పోతారో పట్టికలు వేసి ప్రీమియం తేల్చే పని, అచ్చంగా మీ అమ్మాయి చేస్తున్నదే. అందులో ఏళ్ళు గడిచాయి. 1918లో మళ్ళీ చదువు అందుకుంది, 1920లో పట్టా చేతికొచ్చింది. అప్పటికి ముప్పై రెండేళ్ళు. తర్వాత కూడా నేరుగా భూమి దగ్గరికి రాలేదు. 1923లో బీమా గణితం చెప్పే ప్రొఫెసర్ దగ్గర సహాయకురాలిగా చేరి రెండేళ్ళు పనిచేసింది.

1925లో నోర్లుండ్ అనే గణితవేత్త ఆమెను తన దగ్గరికి తీసుకున్నాడు. దేశాన్ని కొలిచే సంస్థ ఆయన చేతుల్లో ఉంది. డెన్మార్క్‌లోనూ గ్రీన్‌లాండ్‌లోనూ భూకంప కేంద్రాలు పెట్టాలన్నది ఆయన పట్టుదల. ఆ పనికి ఆమెకూ ఇంకో ముగ్గురు కుర్రాళ్ళకూ పురమాయింపు వచ్చింది. ఆ కుర్రాళ్ళు అంతకుముందు సీస్మోగ్రాఫ్ మొహమైనా చూసినవాళ్ళు కారు. వీహర్ట్, గాలిట్సిన్, మిల్న్-షా యంత్రాలు ఒక్కొక్కటీ తెచ్చి బిగించుకుంటూ నేర్చుకున్నారు. ఆవిడకు అప్పటిదాకా భూకంపమన్నది ఒంటికి తెలిసింది ఒక్కసారే, పదిహేనూ పదహారేళ్ళప్పుడు ఒక ఆదివారం పొద్దున ఇంట్లో వేలాడే దీపం ఊగితే. డెన్మార్క్‌లో పెద్ద భూకంపాలు రావు. అలాంటి చోట కూర్చుని ఈ శాస్త్రం చేసిందావిడ. భూకంపం మన ఊళ్ళో రానక్కర్లేదు సరళా, ఎంత దూరంలో వస్తే అంత లోతు చెబుతుంది.

జర్మనీ వెళ్ళి భూకంప శాస్త్రవేత్త గుటెన్‌బర్గ్ దగ్గర కొన్నాళ్ళు నేర్చుకుని, 1928లో పరీక్ష రాసి, భూకంప విభాగానికి అధిపతి అయింది. నలభై ఏళ్ళకు మొదటి అసలు ఉద్యోగం. అధిపతి అన్నమాటే గానీ చుట్టూ పెద్ద బలగమేమీ లేదు. కేంద్రాలు నడుస్తున్నాయా లేదా చూసుకోవాలి, రికార్డులు చదవాలి, బులెటిన్లు అచ్చేయించాలి. చాలా ఏళ్ళు ఆ దేశం మొత్తానికి భూకంప శాస్త్రవేత్త ఆవిడొక్కతే.

ఇక అసలు సంగతికి వస్తాను. కాస్త ఓపిక పట్టు, ఇది నువ్వు ఒకప్పుడు నాకంటే బాగా చెప్పేదానివి.

భూమికి కోర్ ఉందన్న సంగతి అలలనుబట్టి మొదట తేల్చింది ఓల్డ్‌హామ్, 1906లో. ఆయన మన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మనిషి. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన మహా భూకంపం మీద ఆయన రాసిన నివేదికతోనే అలల్లో మూడు రకాలున్నాయని, ఒకదాని వెనక ఒకటి వస్తాయని స్పష్టమైంది. మన నేల కదిలితే దొరికిన తెలివి అది, ఎప్పుడు తలుచుకున్నా నాకు గొప్పగా ఉంటుంది. ఆ కోర్ 2,900 కిలోమీటర్ల లోతులో మొదలవుతుందని గుటెన్‌బర్గ్ లెక్కగట్టాడు. అది ద్రవమని 1926లో జెఫ్రీస్ తేల్చాడు. అన్నిటికన్నా ముందు చేరే పీ అల, కోర్ పైనుండే మాంటిల్‌లోంచి ఆ ద్రవంలోకి దిగేసరికి వేగం తగ్గి లోపలికి వంగుతుంది. ఆ వంగడం వల్ల భూమికి అవతలి వైపు ఒక పట్టీలో నేరు పీ అలలు పడవు. భూకంపం వచ్చిన చోటి నుంచి కోణంలో కొలిస్తే 104 డిగ్రీలు మొదలు 140 డిగ్రీల దాకా ఆ నీడ పట్టీ. అక్కడ ఏమీ కనిపించకూడదు.

కానీ కనిపించేది. సన్నగా, పీలగా, ఉందా లేదా అన్నట్టు ఒక గీత కదిలేది. అప్పటి పెద్దలంతా దాన్ని అంచు దగ్గర అల చెదిరి నీడలోకి కొంచెం పాకుతోందని సర్దేసుకున్నారు. సబబైన మాటే. ఏ అలైనా అంచు దగ్గర చెదురుతుంది.

1929 జూన్ 17న న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో మర్చిసన్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. న్యూజిలాండ్‌కు భూగోళం మీద సరిగ్గా ఎదురుగా ఉండేది స్పెయిన్. అంటే యూరప్‌లోని కేంద్రాలకు ఆ అల చేరాలంటే భూమి నడిమధ్య గుండా రాక తప్పదు. అప్పట్లో మంచి యంత్రాలు ఎక్కువగా ఉన్నది యూరప్‌లోనే. ఇంత అనువైన భూకంపం ఊరికే దొరకదు. లేమన్ పట్టుకుంది.

ఆవిడ ఎలా పనిచేసేదో బంధువుల అబ్బాయి ఒకాయన పెద్దయ్యాక చెప్పాడు. ఎండాకాలం ఆదివారం, తోటలో గడ్డి మీద పెద్ద బల్ల, బల్ల నిండా ఓట్స్ వచ్చే అట్టపెట్టెలు. పెట్టెల్లో అట్టముక్కలు. ఒక్కో అట్టముక్క మీద ఏ భూకంపం, ఏ ఊరి కేంద్రం, అల ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు చేరింది. కంప్యూటర్లు అప్పటికి అందుబాటులో లేవు. ఆ ముక్కల్ని ఇటు పేర్చి అటు పేర్చి, లోపలి వేగం ఇంత అయితే ఈ కేంద్రానికి ఇన్ని సెకన్లు కావాలి కదా అని సరిచూసుకునేది. నాకు ఇందులో బీమా ఆఫీసు చెయ్యి కనిపిస్తుంది. వేల అంకెల్లో ఏది గడియారం తప్పు, ఏది గుమాస్తా తప్పు, ఏది నిజంగా కొత్త సంగతి అని వేరుచేయడం ఆ కుర్చీలో అలవాటైన విద్యే. మీ అమ్మాయికి ఆరేళ్ళు వృథా అయ్యాయంటావా? ఆ మాట నేను ఒప్పుకోను.

ఇంకో అలవాటు కూడా ఉండేదావిడకు. కేంద్రాలవాళ్ళు బులెటిన్లో వేసిన అంకెతో ఊరుకునేది కాదు, వీలైనంతవరకు గీతనే చూసేది. మర్చిసన్ భూకంపం గీతల్లో స్వెర్డ్‌లోవ్‌స్క్, ఇర్కూట్స్క్ కేంద్రాలవి ఆమె కంట్లో పడ్డాయి. రెండూ నీడ పట్టీలోవే. నేను లెక్కేస్తే మొదటిది 135 డిగ్రీలు, రెండోది దాదాపు 111 డిగ్రీలు వచ్చాయి. అక్కడ గీత చెదిరిన అలలా మెల్లగా ఉబ్బలేదు, నిక్కచ్చిగా లేచింది. నీకు చెప్పాలా ఆ తేడా? గీత మీద అల మొదలైన చోటును పిక్ చేసేటప్పుడు పెన్సిల్ ఎక్కడ పెట్టాలో తెలియక తచ్చాడే అల ఒకటి, పెన్సిల్ దానంతటదే వెళ్ళి ఆగే అల ఒకటి. చెదిరి వచ్చేది మొదటి రకం. ఆవిడ చూసింది రెండో రకం.

1930లో ఆ రికార్డుల మీద ఒక వ్యాసం రాసింది. ఆరేళ్ళ తర్వాత, 1936లో, అసలు వ్యాసం వచ్చింది. శాస్త్ర చరిత్రలో అంత చిన్న పేరు ఇంకో వ్యాసానికి ఉండదేమో: పీ ప్రైమ్. అంతే. లోపల చేసిన లెక్క కూడా అంతే పొదుపు. మాంటిల్ అంతటా వేగం సెకనుకు పది కిలోమీటర్లు అనుకుంది, కోర్ అంతటా ఎనిమిది అనుకుంది. నిజంలో అలా ఉండదని ఆవిడకు తెలుసు. అలా అనుకుంటే అలలు తిన్నగా పోతాయి, త్రికోణమితితో పని జరిగిపోతుంది. ఆ కోర్ మధ్యలో వేగం ఎక్కువున్న ఇంకో చిన్న గోళం పెట్టి చూసింది. దాని వల్ల దారి మళ్ళిన అలలు సరిగ్గా నీడ పట్టీలోకి వచ్చి పడ్డాయి, రికార్డుల్లో కనిపించిన వేళకే. మామిడికాయ టెంకలో జీడి ఉన్నట్టు, కోర్ లోపల ఇంకో కోర్. దాని వ్యాసార్థం దాదాపు 1,400 కిలోమీటర్లు రావచ్చంది. ఇప్పుడు మనం చెప్పేది దాదాపు 1,220. చేతి లెక్కతో, రెండే రెండు వేగాలతో అంత దగ్గరికి వచ్చింది. మన చందమామ వ్యాసార్థంలో దాదాపు డెబ్భై శాతం ఉన్న గోళం ఒకటి, అంతవరకు ఎవరూ అనుకోనిది, అట్టముక్కల్లోంచి బయటపడింది.

కనిపెట్టేశాను అని చాటుకోలేదు. ఇలా ఉంటే ఈ గీతలకు అర్థం కుదురుతోంది అన్నంతవరకే ఆగింది. గుటెన్‌బర్గ్, రిక్టర్ రెండేళ్ళలో ఒప్పుకున్నారు, జెఫ్రీస్ ఆ వెంటనే. అది గట్టిదని, ఇనుమని 1940లో బర్చ్ అన్నాడు. గట్టిదన్న రుజువు మాత్రం 1971లో, 1964 నాటి అలాస్కా భూకంపానికి భూమి మొత్తం గంటలా మోగిన మోత విని జివోన్‌స్కీ, గిల్బర్ట్ తేల్చారు. అది చూడ్డానికి ఆవిడ బతికే ఉంది. 104 ఏళ్ళు బతికింది మహాతల్లి, 1993 దాకా.

అన్నీ బావున్నాయని చెప్పి నీ కూతుర్ని మభ్యపెట్టను. 1952లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ ప్రొఫెసర్ పదవికి లేమన్ పేరు పరిశీలనకు వచ్చింది. ఇవ్వలేదు. భూమి నడిమధ్యన ఏముందో చెప్పిన మనిషికి సొంత ఊళ్ళో కుర్చీ దొరకలేదు. తనకంటే పనితనం తక్కువైన ఎంతమంది మగవాళ్ళతో పోటీపడి ఓడిపోవాల్సి వచ్చిందో ఆవిడే బంధువులతో అన్నట్టు చెబుతారు. నాకు అది చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది. 1953లో, అరవై అయిదేళ్ళకు, పదవీవిరమణ చేసింది. మనవైపైతే ఆ వయసులో మనవలను ఎత్తుకోమంటారు. ఆవిడ అమెరికా వెళ్ళి లామాంట్ పరిశోధన కేంద్రంలో ఈవింగ్ బృందంతో కలిసి మాంటిల్ పైభాగం మీద పడింది. 220 కిలోమీటర్ల దగ్గర అలల వేగం మారే చోటుకు ఇప్పుడు ఆవిడ పేరే పెట్టారు. 1969లో రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం, 1971లో బోవీ పతకం, ఆ పతకం అందుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. 1987లో పాత రోజుల భూకంప శాస్త్రం మీద ఒక వ్యాసం రాసింది, నూరేళ్ళకు ఒక్క అడుగు ఇవతల. ముప్పై ఏడుకు మొదలుపెట్టిన మనిషికి అరవై ఏళ్ళ పని దొరికింది. అమ్మాయికి ఇరవై తొమ్మిదేగా, ఆలస్యమెక్కడ?

నాకు ఆ లోపలి కోర్ పుస్తకంలోంచి బయటికొచ్చి కళ్ళముందు నిలబడ్డ రోజు ఒకటుంది. 2010 ఫిబ్రవరి 27, శనివారం. మన టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు చిలీలో భూమి కదిలింది, 8.8. హైదరాబాద్‌కు చిలీ దాదాపు 148 డిగ్రీలు, అంటే దాదాపు మన కాళ్ళకింద అవతలి వైపు. ఇరవై నిమిషాలు తిరక్కుండానే మన దగ్గర గీత లేచింది. ఊళ్ళో ఒక్కరికి తెలియలేదు, ఎదురుగా టీ గ్లాసులో నీళ్ళు కూడా కదల్లేదు. విమానంలో ఒక రోజుకు పైగా పట్టే దూరాన్ని ఆ అల అడ్డంగా, ద్రవంలోంచి గట్టి గోళంలోకి దిగి, మళ్ళీ ద్రవంలోకి వచ్చి, మాంటిల్ ఎక్కి, తార్నాక పక్కకొచ్చి చేరింది. అంత పెద్ద భూకంపానికి వెనకవి ముందువి కలిసిపోతాయి గానీ, కాస్త చిన్నవాటిలో అయితే లోపలి కోర్ దాటి వచ్చినదీ, బయటి కోర్‌లోంచే వచ్చినదీ విడివిడిగా సెకన్ల తేడాతో కనిపిస్తాయి. ఆ రెండిటి మధ్య ఖాళీ చూపించి ఇదిగో లేమన్ అని పిల్లలకు చెప్పేదాన్ని. మర్చిసన్ నుంచి లెక్కేస్తే హైదరాబాద్ 104 డిగ్రీలు, సరిగ్గా నీడ అంచు. 1929లో ఆ గీత మన దగ్గర ఎలా లేచి ఉంటుందో అని చాలాసార్లు అనుకున్నాను.

ఉద్యోగాల సంగతి అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను. జీతం ఇప్పుడొచ్చేదానిలో సగం కూడా మొదట్లో రాదు. ఫెలోషిప్ డబ్బులు నెలనెలా సక్రమంగా పడవు. డాక్టరేట్‌కు అయిదారేళ్ళు పడుతుంది. ఆ తర్వాత కూడా కొలువు ఖాయమని ఎవరూ చెప్పలేరు. భూమి లోపల చదివినవాళ్ళను చమురు కంపెనీలు తీసుకుంటాయి, ఇక్కడ ఉప్పల్ రోడ్డు మీద భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, బయటి దేశాల్లో విశ్వవిద్యాలయాలున్నాయి. కోయినాలో 1967లో భూకంపం వచ్చింది, మన భద్రాచలం దగ్గర 1969లో వచ్చింది, కిల్లారిలో 1993లో వచ్చింది, 2024 డిసెంబర్‌లో ములుగులో వచ్చి హైదరాబాద్ దాకా మంచాలు ఊగాయి. గట్టినేల అనుకున్న దక్కన్ గట్టినేల కాదని ఇన్నిసార్లు చెప్పింది. చూసేవాళ్ళు కావాలి. లెక్కలు బాగా వచ్చినవాళ్ళు మరీ కావాలి. ఇప్పుడు డేటా వరదలా వస్తోంది, లోపలి కోర్ మధ్యలో ఇంకో పొర ఉందా, అది మాంటిల్‌తో సమానంగా తిరుగుతోందా లేదా అన్న తగవులు ఇంకా తేలలేదు. మీ అమ్మాయి తరానికి మిగిలిన పని ఇది.

పెళ్ళి సంగతి కూడా రాశావు. ఆ సంబంధం వాళ్ళు అయిదారేళ్ళు చదువంటే ఆగుతారా అని. ఆగరేమో. నువ్వూ ఆగమనలేదు కదా నీ విషయంలో, మీ నాన్నగారు తొందరపెడితే సరేనన్నావు. మన క్లాసులో గీత చూసి అల ఎక్కడ లేచిందో చెప్పడంలో నీ కంటి ముందు ఎవరూ నిలిచేవారు కాదు, మాస్టారే నీ దగ్గరికొచ్చి సరిచూసుకునేవారు. నిందగా అనడం లేదే. నీ భయం ఎంతవరకు అమ్మాయిదో, ఎంతవరకు నీదో ఒకసారి చూసుకోమంటున్నాను. నీ స్నేహితురాలిగా ఇంత మాట అనే చనువు నాకుంది.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. ఉద్యోగం అప్పుడే మానొద్దను. గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్ పేపర్, సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్, రెండిటి సిలబస్ దించుకుని కంపెనీ పని అయ్యాక రోజుకు రెండు గంటలు కూర్చోమను. వయసు నిబంధనల్లో ఆడవాళ్ళకు సడలింపు ఉంటుంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. పైథాన్ దానికి వచ్చు కదా, సీస్మోగ్రామ్‌లు చదవడానికి ఆబ్‌స్పై అని ఉచితంగా దొరుకుతుంది, ప్రపంచ కేంద్రాల రికార్డులు కూడా ఉచితమే. 2010 చిలీ రికార్డు దించుకుని, లోపలి కోర్ అల ఎన్ని సెకన్లకు వచ్చిందో తనే పిక్ చేసి నాకు పంపమను. ఒక్క సెకను తేడాలో ఉంటే నేను మీ ఆయనతో మాట్లాడతాను. అయిదు సెకన్లు తప్పినా మాట్లాడతాను గానీ ముందు దానికి పిక్ చేయడం నేర్పుతాను.

దసరా సెలవులకు దాన్ని తీసుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరండి. ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు మర్చిపోకుండా పట్టుకురమ్మను, ఒరిజినల్స్ కాకపోయినా జిరాక్సులు చాలు.

నీ
పద్మ